ప్రదక్షిణగా ఇరవై చుట్లు

కార్ల రేసులో బండి ఇలా ఆగిందో లేదో అలా నాలుగు టైర్లూ మార్చి తరిమెయ్యడం మీరు టీవీలో చూసే ఉంటారు. తలకి టోపీలు, ఒంటికి రంగు బట్టలు, చేతుల్లో నట్లు తిప్పే మిషన్లు, ఇరవై మంది మనుషులు. మీరు నోళ్ళు తెరుచుకుని చూస్తారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆ కారులో పాసింజర్లు లేరు, టిక్కెట్లు లేవు, కండక్టరు లేడు. ఇంక ఆ పనిలో కష్టం ఏముందయ్యా? నేనూ అదే పని చేశాను. బస్సుకి చేశాను. నలభై మంది పాసింజర్లుండగా, వాళ్ళలో ఒక ముసలమ్మ ఆ బస్సు గుంటూరు పోతోందని నమ్మి మిరపకాయల గంపతో సహా ఎక్కి ఉండగా చేశాను.

ఇన్నాళ్ళూ చెబితే నమ్మరని ఊరుకున్నాను. ఇప్పుడు రిటైరయ్యాను, నమ్మకపోయినా నాకు పోయేదేమీ లేదు.

ఎనభైల మధ్యలో చీరాల ప్రాంతంలో ఒక ప్రైవేటు బస్సుల ఓనరు దగ్గర నేను టైరు మేస్త్రీని. ఆయనకి నాలుగు బస్సులు, ఒక రేకుల షెడ్డు ఉండేవి. పంక్చర్లు వెయ్యడం, గాలి చూడటం, ఏ టైరు ముందు చక్రానికి పనికొస్తుంది, ఏది వెనక్కి పోవాలి, ఏది కొత్త రబ్బరు అతికించే రీట్రేడింగుకి పోవాలి అని తేల్చడం నా పని. అరిగిన టైరు చూసి ఆ బస్సు డ్రైవరు ఎలాంటివాడో చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక డ్రైవరు రెండో సంసారం ఉన్న ఊరు కూడా టైరు చూసే చెప్పాను. ఆ ఊరి రోడ్డుకి మాత్రమే అలాంటి కంకర ఉండేది. ఆ తెలివి నాకెందుకూ ఉపయోగపడలేదు, ఆ డ్రైవరు మాత్రం ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

మా ఓనరుగారి చెల్లెలి మొగుడికి కూడా బస్సులుండేవి. ఆయన్ని బావగారు అనే పిలుస్తాను ఇక్కడ. ఇద్దరి బస్సులూ ఒకే రోడ్ల మీద తిరిగేవి, ఒకే పాసింజర్ల కోసం కొట్టుకునేవి. అలాంటప్పుడు పొద్దున ఆరున్నరకి గుంటూరుకి ఒక కొత్త ట్రిప్పుకి సర్కారు పర్మిట్టు ఇస్తుందని తెలిసింది. మిర్చి యార్డుకి పోయే రైతులు, కోర్టుకి పోయేవాళ్ళు, పెద్దాసుపత్రికి పోయేవాళ్ళు, అందరూ ఆ బస్సే ఎక్కుతారు. ఇద్దరూ అర్జీలు పెట్టారు. ఎవరో ఒకరు అర్జీ వెనక్కి తీసుకుంటే రెండోవాళ్ళకి వచ్చేస్తుంది. తీసుకునేదెవరు?

బంధువులింట్లో పెద్దకర్మ భోజనాల దగ్గర ఈ మాట లేచింది. పోయినాయన ఫోటో ముందు దీపం వెలుగుతూనే ఉంది.

"నీ బస్సులు గుండు టైర్ల మీద నడుస్తయ్యి. ఆరున్నరకి బయల్దేరితే గుంటూరు రేపు చేరుద్ది" అన్నారు బావగారు పులుసు కలుపుకుంటూ.

"నీ డ్రైవరు చీమకుర్తిలో రాళ్ళ లారీ తోలినోడు. మనుషుల్ని కూడా రాళ్ళే అనుకుంటాడు" అన్నారు మా ఓనరుగారు.

పెరుగు వడ్డించేసరికి పందెం ఖాయమైంది. రెండు కంపెనీల నుంచి చెరో బస్సు. పత్తి తీసేసిన పెద్ద చేను ఒకటి బావగారిది ఉంది, దాని చుట్టూ ఇరవై చుట్లు. ఓడినవాడు అర్జీ వెనక్కి తీసుకోవాలి.

మర్నాడు ఓనరుగారు షెడ్డుకొచ్చి నాతో చెప్పిన మాట ఇది. "ఒరేయ్, ఆ ట్రిప్పు రాకపోతే ఒక బస్సు అమ్మేస్తా. మూడు బస్సులకి టైరు మేస్త్రీ ఎందుకు? బజార్లో పంక్చరు షాపు చాలు." కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. మేం వేటపాలెంలో అద్దెకుండేవాళ్ళం. నా భార్య జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి పోయేది. ఏడో నెల వచ్చిందని మానేసింది. కాబట్టి ఆ ఆరున్నర బస్సు ఓనరుగారికంటే నాకే ఎక్కువ అవసరం.

పందేనికి పెద్దమనిషిగా ఇద్దరికీ చదువు చెప్పిన మాస్టారుని పెట్టుకున్నారు. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాయన, చర్చిలో పెద్ద. ఆ ఇద్దరూ భూమ్మీద భయపడేది ఆయనొక్కడికే. ఆయన అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుని ఒక్కటే నియమం పెట్టారు.

"బస్సు బస్సులాగే నడవాలి. ఖాళీగా పరిగెత్తితే అది లారీ. పాసింజర్లుండాలి, కండక్టరుండాలి. రెండు విజిళ్ళు ఊదితేనే కదలాలి. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపాలి. తప్పితే ఓడినట్టే. తెలిసిందా?"

"తెలిసిందండి" అన్నారు ఇద్దరూ, చేతులు కట్టుకుని.

ఈ లోపల మా ఓనరుగారు ఎక్కడో ఒక వీడియో క్యాసెట్టు సంపాదించారు. అందులో విదేశాల కార్ల రేసు ఉంది. మధ్యలో కారు ఆగడం, మనుషులు మీదపడి టైర్లు మార్చడం ఆయన వెనక్కి తిప్పి తిప్పి చూశారు. నన్ను కూడా కూర్చోబెట్టి చూపించారు. "చూశావా? మధ్యలో ఆగి టైర్లు మార్చినోడే గెలిచాడు. బావకి ఈ సంగతి తెలవదు. మనం మారుద్దాం" అన్నారు. కారుకి చక్రానికి ఒకటే నట్టుందని, మన బస్సు చక్రానికి పది ఉన్నాయని చెప్పబోయాను. వినలేదు.

అయితే ఒక విషయంలో నా బుర్ర పనిచేసింది. ఎటు తిరగాలనే చర్చ వచ్చినప్పుడు ఇద్దరు ఓనర్లూ ప్రదక్షిణగానే తిరగాలన్నారు. రెండోవైపు తిరగడం అశుభం. మాస్టారు నవ్వి సరేనన్నారు. ప్రదక్షిణగా అంటే ఎప్పుడూ కుడివైపే మలుపు. కుడికి తిరిగినప్పుడల్లా బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది. పైగా చేలో కోసేసిన పత్తి మోళ్ళు మేకుల్లా నిలబడి ఉన్నాయి. రీట్రేడింగ్ టైరు మీద అతికించిన రబ్బరు ఆ మోళ్ళకీ వేడికీ లేచిపోతుంది. కాబట్టి ఎడమవైపువి మాత్రమే, అంటే ముందుదొకటి, వెనకవి రెండు, పదో చుట్టు దగ్గర మారిస్తే చాలు. ఇది విని ఓనరుగారు నా భుజం తట్టారు. అంత లెక్క వేసినవాణ్ణి, బస్సు తలుపు కూడా ఎడమవైపే ఉంటుందన్న సంగతి మర్చిపోయాను.

"మొత్తం ఎన్ని కావాలి?" అన్నారు ఓనరుగారు.

"కింద ఆరు, మార్చడానికి మూడు. తొమ్మిదండి."

"మన దగ్గర మంచివి తొమ్మిదున్నయ్యా?"

షెడ్డులో మంచివి ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదో దానికి పక్కన కోత పడింది. ఎనిమిదే అంటే ఆయన పందెం మానుకుంటారు, ట్రిప్పు పోతుంది, నేను పోతాను. కొత్తది కొనే ఉద్దేశం ఆయనకి లేదని నాకు తెలుసు.

"ఉన్నాయండి, తొమ్మిది" అన్నాను.

ఆ రోజే కోత పడిన టైరు లోపల పాత టైరు ముక్క పెట్టి ట్యూబు ఎక్కించాను. కుడివైపు వెనక చక్రంలో బయటివైపు బిగించాను. అక్కడైతే బరువు తక్కువ, నా కంటికి కనబడుతుంది కూడా. పందెం దాకా ఉన్న పదిహేను రోజులూ నాకు అన్నం సయించలేదు. నా భార్య, కడుపుతో ఉన్నది నువ్వా నేనా అని అడిగింది.

టైర్లు మార్చడం సాధన చేశాం. షెడ్డులో ఆరుగురం, రెండు జాకీలు. మొదటిరోజు ముప్పావుగంట పట్టింది, అందులో పావుగంట స్పానరు ఎవరు తెచ్చుకోవాలన్న గొడవకే పోయింది. చివరికి పది నిమిషాలకి దించాం. ఓనరుగారు వాచీ చూసి, క్యాసెట్లో వాళ్ళకంటే కాస్తే ఆలస్యం అన్నారు.

పందెం రోజు చేను దగ్గరికి తిరణాలకి వచ్చినట్టు వచ్చారు జనం. చెరుకు రసం బండి, ముంజల గంపలు, బఠానీలు. మాస్టారు చేను మధ్యలో షామియానా కింద కూర్చుని, ముందు రెండు పళ్ళేల్లో ఇరవయ్యేసి చింతగింజలు పోసుకున్నారు. చుట్టుకొక గింజ తీసెయ్యడం ఆయన పద్ధతి. ఉచితంగా బస్సు ప్రయాణం అనగానే రెండు బస్సులూ నిండిపోయాయి. బావగారి బస్సులో ఆయన భార్య, అంటే మా ఓనరుగారి చెల్లెలు, టిఫిన్ క్యారియరుతో ముందు సీట్లో కూర్చుంది.

మా డ్రైవరు పెద్దవాడు, ముప్పై ఏళ్ళ సర్వీసు. రెండు విజిళ్ళు వినబడకపోతే వెనక నిప్పంటుకున్నా కదలడు. మా కండక్టరు ఇంకా ఘనుడు, తలలు లెక్కపెట్టకుండా విజిల్ నోట్లో పెట్టడు. బావగారి డ్రైవరు మొదటి విజిల్‌కే దూకాడు. మాస్టారు గంట కొట్టి వెనక్కి పిలిపించి, చెవి మెలిపెట్టినంత పని చేసి, మళ్ళీ మొదలుపెట్టించారు.

అయినా నాలుగో చుట్టుకల్లా వాళ్ళు ముందుకెళ్ళిపోయారు. పైగా చేనుగట్టు మీద బావగారి మనుషులు అక్కడక్కడా నిలబడి చేతులెత్తడం మొదలుపెట్టారు. మా డ్రైవరు ప్రతివాడికీ ఆపాడు. కండక్టరు ప్రతివాణ్ణీ "ఎక్కుతావా?" అని అడిగాడు. వాళ్ళు "ఊరికే ఎత్తా" అన్నారు. మా ఓనరుగారికి మంట పుట్టి మావాళ్ళని కూడా గట్టెక్కించారు. ఆ పైన రెండు బస్సులూ పదడుగులకొకసారి ఆగుతుంటే, చివరికి మాస్టారే లేచి చేతులెత్తినవాళ్ళందరినీ పేరుపేరునా కూర్చోబెట్టారు. లోపల గంపతో ఉన్న ముసలమ్మ చుట్టు చుట్టుకీ "యార్డు వచ్చిందా నాయనా?" అంటోంది. కండక్టరు "ఇంకా రాలేదమ్మా" అంటున్నాడు. ఆ మాటలో అబద్ధమైతే లేదు.

పదో చుట్టుకి బస్సు మా దగ్గరకొచ్చి ఆగింది. ఎడమ టైర్లు నేను చెప్పినట్టే చీలికలై ఉన్నాయి. చెప్పుకోకూడదు గానీ గర్వంగా అనిపించింది. జాకీ పట్టుకుని కిందికి దూరుతుంటే కిటికీలోంచి ఒకాయన తల బయటపెట్టాడు.

"ఏవయ్యా, బస్సు ఎంతసేపు ఆగుద్ది?"

"పది నిమిషాలు!" అని అరిచాను.

నా ఉద్యోగ జీవితంలో నేను పలికిన అన్ని మాటల్లోకీ తెలివితక్కువ మాట అదే. మన పాసింజరు చెవిన "పది నిమిషాలు" అనే మాట పడితే ఏం చేస్తాడో మీకు నేను చెప్పాలా? నలభై మందీ దిగారు. మేం చక్రాలు విప్పుతున్నది ఎడమవైపు, వాళ్ళు దిగుతున్నదీ ఎడమవైపు. నా వీపు మీద కాలు పెట్టి దిగినవాళ్ళున్నారు. విప్పిన టైరు మీద కూర్చుని బీడీ వెలిగించినవాళ్ళున్నారు. కొందరు చెరుకు రసానికి పోయారు, కొందరు ముంజలకి పోయారు, మగవాళ్ళు కొందరు గట్టు అవతలికి పోయారు. మేం తొమ్మిది నిమిషాల్లో మూడు టైర్లూ బిగించేశాం. అంత చురుగ్గా మేమెప్పుడూ చెయ్యలేదు. బస్సు కదల్లేదు.

"ముప్పై తొమ్మిది" అన్నాడు కండక్టరు.

"ఒకడే గదయ్యా, పోనియ్!" ఓనరుగారు గావుకేక పెట్టారు.

"ఎట్టా పోనిస్తానండీ? ఎక్కించుకున్నోణ్ణి మధ్యలో వదిలేస్తే పాసింజరు ఊరుకుంటాడా?"

ఆ నలభయ్యోవాడు తాపీగా మొలతాడు సర్దుకుంటూ వచ్చేసరికి ఇంకో పావుగంట అయింది. అప్పటికి బావగారి బస్సు పదహారు చుట్లు తిరిగింది. మాది పది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు పత్తి మోళ్ళు తమ పని తాము చేశాయి. బావగారి డ్రైవరు ఎక్కడా టైర్లు మార్చలేదు, మలుపుల్లో దగ్గర దారని మోళ్ళ మీదనే పోయాడు. ఎడమవైపు వెనక రెండూ ఒకదాని తరవాత ఒకటి పోయాయి. వాళ్ళ దగ్గర స్టెప్నీ ఒకటే ఉంది. ఇంకో టైరు కోసం మోటారుసైకిలు మీద వేటపాలేనికి ఒక మనిషిని పంపారు. మావాళ్ళు ఈలలు వేశారు. మా బస్సు పదకొండు, పన్నెండు, పదమూడు అని చుట్లు తిరుగుతుంటే ఓనరుగారు నన్ను వాటేసుకున్నారు కూడా.

పదిహేనో చుట్టులో ఆగిపోయిన బస్సు ముందుకి మా బస్సు రాగానే వాళ్ళ కండక్టరు చెయ్యెత్తాడు. మా డ్రైవరు ఆపాడు.

"బ్రేక్‌డౌన్ అయింది. మావాళ్ళు ఎండలో ఎంతసేపు నిలబడతారు? ఎక్కించుకో."

ఇందులో మోసం లేదు. రోడ్డు మీద ఒక బస్సు ఆగిపోతే ఆ పాసింజర్లని వెనక వచ్చే బస్సు ఎక్కించుకోవడం ఏ కంపెనీ అయినా చేసే పనే. ఆ ఇద్దరు కండక్టర్లకీ అది పందెం అన్న సంగతి అప్పటికి గుర్తే లేదు. "రాండి రాండి, లోపలికి జరగండి" అన్నాడు మావాడు. నలభై మందీ ఎక్కారు. పట్టనివాళ్ళు నిచ్చెన పట్టుకుని టాపెక్కారు. మా ఓనరుగారి చెల్లెలికి ఎవరో లేచి సీటిచ్చారు. కుడివైపు, వెనక చక్రం పైన సీటు.

అది చూసి లెక్క వేసుకున్నాను. కోత పడిన టైరు మీద ఎనభై మంది.

మా జాగా గట్టు దగ్గర, అక్కడినుంచి బస్సు ఎడమవైపే కనిపిస్తుంది. నేను చేనుకి అడ్డంగా పరిగెత్తి మాస్టారి షామియానా దగ్గరికి పోయాను. పదిహేడో చుట్టులో బస్సు ఎదురుగా వచ్చింది. టైరు పక్క నిమ్మకాయంత ఉబ్బి ఉంది. పద్దెనిమిదో చుట్టుకి ఆ ఉబ్బు బత్తాయంత అయింది. అది పేలితే పక్కనున్న రెండో టైరు ఆ బరువు మొయ్యలేదు, వెంటనే అదీ పోతుంది. టాపు మీద పాతికమంది ఉన్నారు. బస్సు ఒరిగితే ఏమవుతుందో నేను మీకు చెప్పను.

అవతల టైరు వచ్చేసింది, బిగిస్తున్నారు. వాళ్ళకి ఇంకా నాలుగు చుట్లు కావాలి, మాకు రెండే. ఊరుకుంటే గెలుస్తాం. రెండు చుట్లే గదా, ఆగుతుందేమో అని కూడా అనుకున్నాను. అనుకోలేదని అబద్ధం చెప్పను. నా భార్య మొహం కళ్ళముందు కదిలింది. అంతలో కిటికీలోంచి ఆ గంప ముసలమ్మ నన్ను చూసి, యార్డు దగ్గరపడిందా అన్నట్టు చెయ్యి ఊపింది.

నేను బస్సుకి ఎదురెళ్ళి చెయ్యెత్తాను.

ముప్పై ఏళ్ళ సర్వీసు డ్రైవరు మరి. ఆపాడు. కండక్టరు తల బయటపెట్టి "ఎక్కడికి?" అన్నాడు.

"ఎక్కడికీ కాదు. అందర్నీ దించు. టైరు పోతోంది."

ఎనభై మందీ దిగారు. ముసలమ్మ గంప దించుకుని, "ఇదేం యార్డయ్యా, కాయలే లేవు" అంది. ఓనరుగారు ఎగశ్వాసతో పరిగెత్తుకొచ్చి టైరు వంక చూశారు, నా వంక చూశారు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసండి. మంచివి ఎనిమిదేనండి."

నన్ను కొట్టడానికి ఆయన చెయ్యి పైకి లేపారు. సరిగ్గా అప్పుడే బావగారి బస్సు బాగుపడి వస్తోంది. ఎత్తిన చెయ్యి చూసి డ్రైవరు బ్రేకు వేశాడు. కండక్టరు వంగి, "ఎక్కుతారాండీ?" అని మర్యాదగా అడిగాడు. ఓనరుగారి చెయ్యి గాల్లోనే ఉంది. "పో, పోవయ్యా!" అన్నారు. వాళ్ళు దిగినవాళ్ళలో తమ పాసింజర్లని ఎక్కించుకుని, రెండు విజిళ్ళు ఊదుకుని పోయారు. చెయ్యి కిందికి దిగింది గానీ నా మీద పడలేదు.

మేం ఎడమవైపు తీసినవాటిలో కాస్త నయమైనది వెతికి బిగించేసరికి మాస్టారు గంట కొట్టేశారు. బావగారు గెలిచారు.

జనం సర్దుకున్నాక ఓనరుగారు నా రెక్క పట్టుకుని బావగారి దగ్గరికి తీసుకెళ్ళారు.

"ట్రిప్పు నీదే బావా. రేపే అర్జీ వెనక్కి తీసుకుంటా. వీణ్ణి కూడా నువ్వే పెట్టుకో."

"నువ్వు తీసేసినోణ్ణి నాకంటగడతావేంది?"

"చెల్లెలు ఆ సీట్లో కూర్చోడం నేను చూశా" అన్నారు ఓనరుగారు. "టైరు సంగతి నాకు తెలిసుంటే, రెండు చుట్లే గదా అని పోనిచ్చేవాణ్ణి. వీడు ఆపాడు. వీణ్ణి చూసినప్పుడల్లా నాకదే గుర్తొస్తది. అందుకని నా దగ్గరొద్దు."

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే. నాకూ ఏడుపొచ్చింది. ఆయన నన్ను మెచ్చుకుంటున్నారు, కానీ పదిహేను రోజులు అబద్ధమాడింది నేనేనన్న సంగతి అక్కడ నాకొక్కడికే గుర్తుంది.

పర్మిట్టు చేతికొచ్చాక బావగారు నన్ను పిలిపించారు. కొత్త ట్రిప్పు మొదటిరోజు, తెల్లారేసరికే షెడ్డు నిండా జనం. బస్సుకి పూలదండలు, అద్దానికి పసుపు కుంకుమ. మాస్టారు కూడా వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. నేను కిందికి వంగి ఒక్కొక్క టైరూ తడిమి చూశాను.

"ఎన్ని మంచివిరా?" అన్నారు బావగారు.

"రెండండి" అన్నాను.

ఆ రోజు ఆరున్నర బస్సు వెళ్ళలేదు.